షోస్తకోవిచ్‌లో ముందు ఏది వినాలి: ఐదా, ఏడా, పదా, ఎనిమిదో క్వార్టెట్టా?

రష్యన్ సంగీతకర్త షోస్తకోవిచ్ పేరు ఎక్కడో విని, సరే ఒకసారి చూద్దాం అని ఫోన్‌లో వెతికితే ముందు కనపడేవి రెండు. ఒకటి వాల్ట్స్ నంబర్ 2, వినగానే "ఓ, ఇదా!" అనిపించే ట్యూన్. రెండోది ఏడో సింఫనీ, అదే లెనిన్‌గ్రాడ్ సింఫనీ (సింఫనీ అంటే పెద్ద ఆర్కెస్ట్రాకి కొన్ని భాగాలుగా రాసే పొడవైన రచన). దాని వెనకున్న యుద్ధం కథ వల్ల అందరూ ముందు దాని పేరే చెప్తారు. నన్నడిగితే ఈ రెండింటితోనూ మొదలుపెట్టొద్దు. వాల్ట్స్ ఆయనదే, కానీ ఆయన ఎలాంటివాడో అందులో తెలియదు. అది 1950ల్లో ఒక సినిమాకి రాసిన ముక్క, తర్వాత చాలాకాలం "జాజ్ సూట్ 2" అనే తప్పు పేరుతో చలామణీ అయింది. ఇక ఏడో సింఫనీ 70 నిమిషాల పైమాటే, అలవాటు లేని చెవికి అది పెద్ద పరీక్ష.

నేను ఏడుతోనే మొదలుపెట్టాను. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే రాత్రి బస్సులో, మామూలు ఇయర్‌ఫోన్స్‌తో. మొదటి భాగంలో ఆ ప్రసిద్ధమైన డ్రమ్ము దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ హోరు తప్ప ఏమీ వినపడలేదు, వాల్యూమ్ పెంచాను. ఎక్కడో ఊరవతల ఎవరో పుల్లతో చెక్క మీద కొడుతున్నట్టు మొదలవుతుందది, అందుకని ఇంకాస్త పెంచాను. అదే ట్యూన్ మొత్తం 12 సార్లు వస్తుంది, వచ్చినప్పుడల్లా వాయిద్యాలు పెరుగుతూ పోతాయి, సగం దాటేసరికి చెవులు గింగురుమని తీసేశాను. రెండేళ్లు మళ్లీ ఆయన జోలికి పోలేదు. ఆ రెండేళ్లు పోయాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ఎవరైనా అడిగితే ఇంత వివరంగా చెప్తాను.

నా మాట ఒక్కటే: కథ చూసి ఎంచుకోవద్దు. మీ దగ్గర ఎంత టైముంది, ఎక్కడ వినబోతున్నారు, ఒక్క వాయిద్యం పలకడం ఇష్టమా, వందమంది కలిసి వాయించే హోరు ఇష్టమా, ఇవి చూసి ఎంచుకోండి. కథలు తర్వాత వాటంతటవే వస్తాయి, ఆయన విషయంలో కథలకి కొదవ లేదు.

ఎంచుకోడానికి కావలసినంత మేరకు మనిషి గురించి చెప్తాను. దిమిత్రి షోస్తకోవిచ్ 1906లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో (తర్వాత లెనిన్‌గ్రాడ్ అయింది ఇదే) పుట్టాడు, 1975లో మాస్కోలో పోయాడు. 15 సింఫనీలు, 15 స్ట్రింగ్ క్వార్టెట్లు (నాలుగు తీగ వాయిద్యాలకి రాసేవి), పియానోకి, వయోలిన్‌కి, సెల్లోకి రెండేసి కాన్సర్టోలు (ఒక్క వాయిద్యం ముందుండి ఆర్కెస్ట్రాతో కలిసి పలికేవి). మొదటి సింఫనీ 1926లో వాయించినప్పుడు ఆయనకి 19 ఏళ్లు, అది చదువు ముగించడానికి రాసిన పరీక్ష రచన. 1936 జనవరిలో స్టాలిన్ ఆయన ఒపేరా "లేడీ మక్బెత్" చూడ్డానికి వచ్చాడు, రెండు రోజులకి కమ్యూనిస్టు పార్టీ పత్రిక ప్రావ్దాలో "సంగీతానికి బదులు గందరగోళం" అని సంపాదకీయం పడింది. ఆ రోజుల్లో అలాంటిది పేపర్లో పడితే ఉద్యోగంతో ఆగదు, ప్రాణం మీదికి వస్తుంది. 1948లో రెండోసారి పార్టీ ఆయన్నీ ప్రొకోఫియెవ్‌నీ ఇంకొందరు సంగీతకర్తల్నీ తప్పుబట్టింది, పాఠాలు చెప్పే ఉద్యోగాలు పోయాయి. 1953 మార్చి 5న స్టాలిన్ పోయాడు. 1936, 1948, 1953, ఈ మూడు తేదీలు గుర్తుంటే చాలు. ఏ రచన ఏ తేదీకి ఇటుందో అటుందో చూస్తే సగం అర్థమైపోతుంది.

20 నిమిషాలే ఉన్నాయంటే

ఇక్కడ పోటీ రెండింటి మధ్య: రెండో పియానో కాన్సర్టో, ఎనిమిదో స్ట్రింగ్ క్వార్టెట్. రెండూ దాదాపు 20 నిమిషాలే, కానీ రెండింటికీ పగలుకీ రాత్రికీ ఉన్నంత తేడా ఉంది.

రెండో పియానో కాన్సర్టో కొడుకు మాక్సిమ్ కోసం రాశాడు. 1957 మే 10న, తన 19వ పుట్టినరోజు నాడు, ఆ కుర్రాడే మొదటిసారి వాయించాడు. చివరి భాగంలో పియానో నేర్చుకునే పిల్లలందరూ రోజూ చేసే వేళ్ల వ్యాయామాన్ని, హానన్ పాఠాల్ని, అలాగే పట్టుకొచ్చి పెట్టాడు, తండ్రి కొడుకుని ఆటపట్టించినట్టు. అదే భాగంలో ఒక ట్యూన్ ఏడు లెక్కలో నడుస్తుంది. మిశ్రచాపుకి అలవాటుపడ్డ చెవికి ఏడు కొత్తేమీ కాదు, తొడ మీద వేళ్లు వాటంతటవే కదులుతాయి. కానీ ఈ కాన్సర్టోని నేను చెప్పేది మధ్య భాగం కోసం. తీగ వాయిద్యాలు మాత్రమే సి మైనర్‌లో దిగులుగా మొదలవుతాయి, కాసేపటికి పియానో వస్తుంది, వచ్చేటప్పుడు సి మేజర్‌లో వస్తుంది. అంతే జరిగింది అక్కడ. గాంధారం ఒక్క మెట్టు పైకి జరిగింది. ఆ ఒక్క మెట్టుకి చీకటి గదిలో ఎవరో కిటికీ తీసినట్టుంటుంది. ఆ ఏడు నిమిషాలూ విని ఇష్టపడని మనిషిని నేనింతవరకు చూడలేదు. మా అమ్మ పాశ్చాత్య సంగీతం అంటే టీవీ కట్టేయమనే మనిషి, ఆవిడ కూడా వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడి "ఇదెవరిదిరా" అంది.

షోస్తకోవిచ్ స్వయంగా ఈ కాన్సర్టోలో గొప్పేమీ లేదన్నట్టు ఒక ఉత్తరంలో రాశాడు. ఆ మాట పట్టుకుని దీన్ని చిన్నచూపు చూసేవాళ్లున్నారు, నాకది నచ్చదు. తండ్రి కొడుక్కి ఇచ్చిన బహుమతిని అదేస్థాయి ప్రేమతోనే వినాలి. అయితే ఒక హెచ్చరిక: దీన్ని మాత్రమే వినేసి షోస్తకోవిచ్ అంటే ఇదే అనుకుంటే, తర్వాత వినబోయే ప్రతిదీ మిమ్మల్ని ఉలిక్కిపడేలా చేస్తుంది.

ఎనిమిదో క్వార్టెట్ ఆ రెండో వైపు. నాలుగే వాయిద్యాలు: రెండు వయోలిన్లు, ఒక వయోలా, ఒక సెల్లో. 1960 జూలైలో, డ్రెస్డెన్ దగ్గర గోరిష్ అనే చిన్న ఊళ్లో, 3 రోజుల్లో రాశాడు. యుద్ధంలో బూడిదైన డ్రెస్డెన్ మీద తీస్తున్న సినిమాకి సంగీతం చెయ్యడానికి వెళ్లి, ఆ పని పక్కన పెట్టి దీన్ని రాసుకున్నాడు. పైకి అంకితం "ఫాసిజానికీ యుద్ధానికీ బలైనవాళ్లకి" అని. కానీ స్నేహితుడు గ్లిక్‌మన్‌కి రాసిన ఉత్తరంలో వేరే మాట చెప్పాడు: నేను పోతే నా జ్ఞాపకంగా ఎవరూ ఏదీ రాయరు, అందుకని నేనే రాసేసుకున్నాను అని. ఆ ఏడాదే ఆయన్ని కమ్యూనిస్టు పార్టీలో చేర్చుకునే ప్రయత్నం నడుస్తోంది, మనిషి లోపల నలిగిపోతున్నాడు. ఆ ఉత్తరం సంగతి తెలిశాక అంకితం మాట దగ్గర ఆగలేం.

ఈ క్వార్టెట్‌లో మొదటి నాలుగు స్వరాలు ఆయన పేరే. డి, ఎస్, సి, హెచ్: జర్మన్ పద్ధతిలో ఆయన పేరు రాస్తే వచ్చే అక్షరాలు. జర్మన్లు ఇ-ఫ్లాట్‌ని "ఎస్" అంటారు, బి స్వరాన్ని "హెచ్" అంటారు. సి ని మనం షడ్జమం అనుకుంటే అది రి-గ-స-ని అవుతుంది: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, షడ్జమం, మంద్రంలో కాకలి నిషాదం. కీరవాణి పాడుకునేవాళ్లు ఇప్పుడే గొంతులో ఒకసారి మెల్లగా అనుకుని చూడండి. పైకి ఒక చిన్న అడుగు వేసి, తడబడి, కిందికి జారి, ఉండాల్సిన షడ్జమం కంటే ఇంకాస్త కిందికి పోయి ఆగుతుంది. త్యాగరాజు చరణంలో తన పేరు ముద్రగా వేసుకుంటాడే, అలాంటిదే ఇది, మాటలు లేవు కాబట్టి స్వరాల్లో వేసుకున్నాడు. త్యాగరాజు ముద్ర చరణంలో ఒక్క చోట వస్తుంది, ఇక్కడ మాత్రం ఆ పేరు రచన మొత్తం అల్లుకుని ఉంటుంది. సెల్లో మొదలుపెడుతుంది, ఒక్కో వాయిద్యం వచ్చి అదే పేరు పలుకుతుంది.

ఐదు భాగాలు, మధ్యలో ఆపడం లేదు. రెండో భాగం ఒక్కసారిగా మీద పడుతుంది, అందులో ఆయన 1944లో స్నేహితుడు సొల్లెర్తిన్‌స్కీ పోయినప్పుడు మూడు వాయిద్యాలకి రాసిన ట్రియోలోని యూదుల ట్యూన్ కేకలు పెడుతుంది. నాలుగో భాగంలో ఒక స్వరం సన్నగా సాగుతుంటే మధ్యలో మూడు దెబ్బలు. మళ్లీ మూడు దెబ్బలు. బాంబులని కొందరు, అర్ధరాత్రి తలుపు కొట్టిన పోలీసులని కొందరు అంటారు. నాకైతే రెండోదే వినపడుతుంది. ఆ దెబ్బల తర్వాత సెల్లో బాగా పై స్థాయికి వెళ్లి, 1936లో తనకి అంత చేటు తెచ్చిన ఒపేరాలోని ఒక పాట ముక్క పాడుతుంది. ఎవరికీ వినపడకుండా తనలో తను పాడుకుంటున్నట్టుంటుంది.

ఈ రెండింట్లో ఏది? మనసు బాగున్న రోజు కాన్సర్టో, ఒంటరిగా కూర్చునే ఓపిక ఉన్న రోజు క్వార్టెట్. కర్ణాటక కచేరీలు వినే అలవాటున్నవాళ్లకి క్వార్టెట్టే నేను ముందు చెప్తాను, ఎందుకంటే నాలుగు వాయిద్యాల మాటలు విడివిడిగా వినడం మనకి తేలిక, వందమంది ఆర్కెస్ట్రాలో ఎవరు ఏం పలుకుతున్నారో పట్టుకోవడం కష్టం. ఇదే క్వార్టెట్‌ని కండక్టర్ రుదోల్ఫ్ బర్షాయ్ పెద్ద తీగ వాయిద్యాల బృందానికి మార్చి రాశాడు, "ఛాంబర్ సింఫనీ" అని దొరుకుతుంది. ఒకసారి వినొచ్చు, కానీ ముందు అసలుది వినండి. నలుగురే వాయించినప్పుడు ఉండే ఆ ఒంటరితనం అరవై చేతులతో వాయిస్తే ఉండదు.

ఐదు, పది: అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడే

ఒక గంట కేటాయించగలను, పెద్ద ఆర్కెస్ట్రానే కావాలి అన్నవాళ్లకి ప్రశ్న ఇదొక్కటే. ఐదో సింఫనీ సుమారు 45 నిమిషాలు, పదో సింఫనీ 50 దాటుతుంది. ఎవర్నడిగినా ఐదే చెప్తారు. నేను కూడా చాలాకాలం అదే చెప్పాను.

ఐదుకి ఉన్న బలం నాలుగు భాగాలూ వేటికవి సులువుగా పట్టుబడటం. 1936లో ప్రావ్దా దెబ్బ తిన్నాక, అప్పటికి రాస్తున్న నాలుగో సింఫనీని పూర్తిచేసి కూడా రిహార్సల్స్ మధ్యలో వెనక్కి తీసుకున్నాడు (అది మళ్లీ వేదికెక్కింది 1961లో, పాతికేళ్లకి). 1937లో ఐదు రాశాడు. ఆ ఏడు నవంబర్ 21న లెనిన్‌గ్రాడ్‌లో, అప్పటికి కుర్రవాడైన యెవ్గెనీ మ్రవీన్‌స్కీ కండక్ట్ చేశాడు. నెమ్మదిగా నడిచే మూడో భాగం, లార్గో, వింటూ జనం బాహాటంగా ఏడ్చారు, చివర్న అరగంటకి పైగా చప్పట్లు కొట్టారు. ఆ హాల్లో ఇంట్లోంచి ఎవరో ఒకరు మాయమైపోని కుటుంబం తక్కువ, అది స్టాలిన్ అరెస్టులు ముమ్మరంగా సాగుతున్న ఏడాది. బయట ఏడవడానికి వీల్లేని జనం అక్కడ కూర్చుని ఏడ్చారు. ఆ లార్గోలో ఇత్తడి వాయిద్యాలు ఒక్కటీ లేవు. ట్రంపెట్లు, ట్రాంబోన్లు అన్నీ ఒళ్లో పెట్టుకుని ఊరుకుంటాయి, వయోలిన్లని మామూలుగా రెండు వరసలు కాకుండా మూడు వరసలుగా విడగొట్టాడు. చివర్న హార్ప్, చెలెస్టా (చిన్న గంటల్లా పలికే కీబోర్డ్) కలిసి పలికే ఆ కొద్ది స్వరాల దగ్గర దయచేసి ఫ్యాన్ ఆపండి. నిజంగా చెప్తున్నాను, మన ఇళ్లల్లో సీలింగ్ ఫ్యాన్ చప్పుడు ఈ సంగీతంలో సగాన్ని మింగేస్తుంది.

నాలుగో భాగం గురించి జనం ఎనభై ఏళ్లుగా వాదించుకుంటున్నారు. డోలు మోతలతో పెద్ద విజయంలా ముగుస్తుంది. ఆ విజయం నిజమా, బెదిరిస్తే నవ్విన నవ్వా? చివరి పేజీల్లో వయోలిన్లు ఒకే స్వరాన్ని, "ఎ" ని, ఆపకుండా కొడుతూనే ఉంటాయి, పైన ఇత్తడి వాయిద్యాలు జయజయధ్వానాలు చేస్తుంటాయి. కండక్టర్ బెర్న్‌స్టైన్ న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్‌తో 1959లో చేసిన రికార్డింగ్‌లో ఈ ముగింపు దాదాపు రెట్టింపు వేగంతో పరుగెడుతుంది, అక్కడది పండగే. మ్రవీన్‌స్కీది వినండి, నెమ్మదిగా, బరువుగా, ఒక్కో దెబ్బా మేకు దిగినట్టుంటుంది. స్వరాలు అవే, అర్థం తిరగబడిపోతుంది. రెండూ వరసపెట్టి ఆ ఆఖరి మూడు నాలుగు నిమిషాలే పోల్చి చూడండి. నేను మ్రవీన్‌స్కీ పక్షం.

ఇంత చెప్పి కూడా ఇప్పుడు నా ఓటు పదికే. కారణం చెప్తాను. ఐదులో ఆయన మాట్లాడుతున్నది జనంతో, పైన కూర్చున్నవాళ్లు కూడా వింటున్నారని తెలిసి. ఒక్కో మాటా తూచి వేశాడు. పదో సింఫనీ 1953 డిసెంబర్ 17న మొదటిసారి వాయించారు, స్టాలిన్ పోయిన తొమ్మిది నెలలకి. అప్పటికి ఎనిమిదేళ్లుగా ఒక్క సింఫనీ కూడా బయటికి ఇవ్వలేదు. ఇందులో మనిషి తలుపు మూసుకుని మాట్లాడుతున్నట్టుంటుంది.

మొదటి భాగం 20 నిమిషాలు దాటుతుంది, సెల్లోలు, బాస్‌లు అడుగునుంచి నేల తడుముతూ మొదలవుతాయి, క్లారినెట్ ఒక్కటే వచ్చి పాడుతుంది, అలా పేరుకుంటూ పేరుకుంటూ మధ్యలో భరించలేనంత ఎత్తుకి వెళ్లి, మళ్లీ మొదలైన చోటికే దిగుతుంది, చివర్న రెండు పిక్కలో ఫ్లూట్లు మాత్రం మిగులుతాయి. ఓపిక అడుగుతుంది, ఒప్పుకుంటాను. రెండో భాగం నాలుగు నిమిషాలే. ఆ నాలుగు నిమిషాలు మాత్రం ఊపిరి ఆడనివ్వవు, ఒక్క చోట కూడా నిలబడకుండా తొక్కుకుంటూ పోతుంది. ఇది స్టాలిన్ బొమ్మ అని ఒక మాట 1979లో విదేశంలో అచ్చయిన ఒక పుస్తకం ద్వారా ప్రచారంలోకి వచ్చింది, ఆ పుస్తకంలోవి నిజంగా ఆయన మాటలేనా అని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటున్నారు, కాబట్టి ఆ మాట పట్టుకుని వినకండి. ఏ పేరూ పెట్టకుండా విన్నా అది భయమేనని తెలుస్తుంది.

మూడో భాగంలో ఆ నాలుగు స్వరాల పేరు, రి-గ-స-ని, బయటపడుతుంది. దాని ఎదురుగా హార్న్ ఒక పిలుపు పిలుస్తుంది, ఐదు స్వరాలది, మొత్తం 12 సార్లు. ఆ స్వరాల్లో దాగిన పేరు ఎల్మీరా. ఎల్మీరా నజీరొవా ఆయన దగ్గర చదువుకున్న అజర్‌బైజాన్ పియానిస్ట్, ఆ వేసవిలో ఆమెకి ఉత్తరాలు రాస్తూ ఈ రహస్యం తనే చెప్పాడు. దేశం మొత్తాన్ని పాతికేళ్లు వణికించిన మనిషి పోయిన ఏడాది, ఈయన సింఫనీ మధ్యలో తన పేరూ ఒక స్త్రీ పేరూ పక్కపక్కన పెట్టి కూర్చున్నాడు. హార్న్ పిలిచినప్పుడల్లా చుట్టూ ఆర్కెస్ట్రా ఒక్క క్షణం ఆగి వింటున్నట్టుంటుంది. చివరి భాగంలో గోల తారస్థాయికి వెళ్లినప్పుడు మొత్తం ఆర్కెస్ట్రా కలిసి ఆయన పేరు గట్టిగా అరుస్తుంది, ఆఖర్న టింపనీ (పెద్ద డోళ్లు) కూడా అదే నాలుగు స్వరాలు దంచుతుంది. నేనింకా ఉన్నాను అని ఇంతకంటే గట్టిగా సంగీతంలో ఎవరన్నా చెప్పారేమో నాకు తెలియదు.

కాబట్టి ఇలా చేయండి. సింఫనీ అనేదే మొదటిసారి వింటున్నారా, ఐదు. ఇదివరకు బేతోవెన్‌వో చైకోవ్‌స్కీవో ఒకటి రెండు విన్నారా, నేరుగా పది. పది వింటూ మొదటి భాగంలో దారి తప్పితే సిగ్గేం లేదు, రెండో భాగంతో మొదలుపెట్టి చివరిదాకా వెళ్లి, మర్నాడు మొదటిది వినండి. రికార్డింగుల్లో పదికి కరాయాన్ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో చేసినవి రెండున్నాయి, 1966, 1981. రెండూ అద్భుతమే, శబ్దం శుభ్రంగా ఉంటుంది. ఈ రోజుల్లోవి కావాలంటే ఆండ్రిస్ నెల్సన్స్ బోస్టన్ సింఫనీతో చేసింది. మొత్తం 15 సింఫనీలూ ఒకే చోట కావాలంటే వసీలీ పెత్రెంకో లివర్‌పూల్ ఆర్కెస్ట్రాతో చేసిన సెట్, లేదా పాత సోవియట్ గరుకుదనం కావాలనుకుంటే కిరిల్ కొంద్రాషిన్‌ది.

మరి ఏడు?

ఏడుని తీసిపారెయ్యమని కాదు. దాన్ని మూడోదిగానో నాలుగోదిగానో ఉంచుకోండి, ఆదివారం పూట, స్పీకర్ల మీద. 1941 వేసవిలో జర్మన్ సైన్యం లెనిన్‌గ్రాడ్ మీదికి వస్తుంటే మూడు భాగాలు అక్కడే ఉండి రాశాడు, కన్సర్వేటరీ (సంగీత కళాశాల) కప్పు మీద ఫైర్ డ్యూటీ కూడా చేశాడు. అక్టోబర్‌లో బయటికి తరలించారు, డిసెంబర్‌లో కూయ్‌బిషెవ్‌లో పూర్తిచేశాడు. 1942 ఆగస్టు 9న ముట్టడిలో ఉన్న లెనిన్‌గ్రాడ్‌లోనే కార్ల్ ఎలియాస్‌బెర్గ్ కండక్టర్‌గా దాన్ని వాయించారు. రేడియో ఆర్కెస్ట్రాలో లేచి నిలబడగలిగినవాళ్లు పదిహేను మందో ఎంతో మిగిలారు, మొదటి రిహార్సల్ పావుగంటకే ఆపేయాల్సి వచ్చింది, గాలి ఊదే బలం లేక. సైన్యం బ్యాండుల్లోంచి మనుషుల్ని తెచ్చారు. కచేరీ జరుగుతున్నంతసేపు జర్మన్ ఫిరంగులు మోగకుండా ముందే వాటి మీద కాల్పులు జరిపారు, లౌడ్‌స్పీకర్లలో శత్రువుకి కూడా వినపడేలా పెట్టారు. ముట్టడి మొత్తం 872 రోజులు.

ఇది చదివాక ఎవరికైనా వెంటనే వినాలనే అనిపిస్తుంది. నాకూ అదే అయింది. కానీ ఈ కథ మనసులో పెట్టుకుని కూర్చుంటే డ్రమ్ము తర్వాత వచ్చే యాభై నిమిషాలూ ఎదురుచూపుతోనే గడిచిపోతాయి. నిజానికి ఏడులో నాకు ఎక్కువ విలువైంది మూడో భాగం, అక్కడ గాలి వాయిద్యాలు గుడిగంటల్లాంటి శబ్దం చేసి ఆగితే, వయోలిన్లు ఒంటరిగా ప్రార్థనలా పాడతాయి. అక్కడిదాకా చెవి తాజాగా ఉండాలంటే ముందు ఇంకో రెండు రచనలు వినేసి ఉండాలి. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు చదువుతూ పెరిగిన మా తరంవాళ్లకి ఒక్క మినహాయింపు ఇస్తాను: మీకు ఏడు కంటే పదకొండు దగ్గరగా అనిపించొచ్చు. అది 1905 జనవరి 9న జార్ కోట ముందు జనం మీద జరిపిన కాల్పుల గురించి, అప్పటి విప్లవగీతాలే అందులో దారాలు. ఆ చదరం మీద మంచు పడ్డ ఉదయపు నిశ్శబ్దాన్ని మొదటి భాగంలో పావుగంట పట్టి ఉంచుతాడు.

ఒక్క వాయిద్యం వెంట నడవాలనుకునేవాళ్లకి

వయోలిన్ మన వాయిద్యం కూడా కాబట్టి చాలామంది మొదటి వయోలిన్ కాన్సర్టో అడుగుతారు. 1948 నాటికే పూర్తయింది, కానీ ఆ ఏడు పార్టీ తీర్మానం వల్ల డ్రాయర్‌లో పెట్టేశాడు, 1955లో గానీ దవీద్ ఒయ్‌స్త్రాఖ్ వాయించలేదు. మూడో భాగం పసకాలియాలో అడుగున ఒకే వరస తిరుగుతూ ఉంటే పైన వయోలిన్ పాడుతుంది, అక్కణ్నుంచి వయోలిన్ ఒంటరిగా వాయించే సుదీర్ఘమైన ఘట్టం, కడెంజా, అది అయ్యీ అవగానే చివరి భాగం. నుదుటి చెమట తుడుచుకోడానికైనా కాస్త వ్యవధి ఇవ్వమని ఒయ్‌స్త్రాఖ్ అడిగితే, చివరి భాగం మొదలు ఆర్కెస్ట్రాకి మార్చి ఇచ్చాడు. కడెంజా వింటే ఎందుకు అడిగాడో తెలుస్తుంది. మొదటి సెల్లో కాన్సర్టో (1959, రస్త్రపోవిచ్ కోసం) దీనికంటే చిన్నది, అరగంట లోపే, మొదటి సెకనులోనే నాలుగు స్వరాలతో పట్టుకుంటుంది, ఇక వదలదు. మొదటిసారికి సెల్లోది తేలిక, లోతు మాత్రం వయోలిన్‌దే ఎక్కువ. ఇంట్లో పిల్లలెవరైనా కీబోర్డ్ నేర్చుకుంటుంటే పియానోకి రాసిన 24 ప్రెల్యూడ్లు, ఫ్యూగ్‌ల్లో (1950-51) మొదటిది పెట్టండి, సి మేజర్‌ది, నిదానంగా సాగుతుంది, వేళ్లు ఎక్కడికి వెళ్తున్నాయో చూస్తూ వినొచ్చు.

వెతికేటప్పుడు పేరుతో కాకుండా ఓపస్ నంబర్‌తో (ఒక్కో రచనకి వేసే వరస సంఖ్య) వెతకండి, సరైనది దొరుకుతుంది: ఐదో సింఫనీ 47, ఏడు 60, పది 93, రెండో పియానో కాన్సర్టో 102, సెల్లో 107, ఎనిమిదో క్వార్టెట్ 110. పక్కన "ఎ" ఉంటే, 110ఎ అని, అది బర్షాయ్ మార్చినది. వయోలిన్ కాన్సర్టో 77 అనీ 99 అనీ రెండు నంబర్లతో కనపడుతుంది, రెండూ ఒకటే. యాప్‌లో షఫల్ ఆపేయండి, లేకపోతే లార్గో తర్వాత ఇంకెవరిదో పాట వచ్చి పడుతుంది. డబ్బు కట్టని యాప్‌లో భాగాల మధ్య ప్రకటన వస్తే క్వార్టెట్ చచ్చిపోతుంది, ఐదు భాగాలూ ఒకే ఊపిరి కదా. దానికంటే ఫ్రాంక్‌ఫర్ట్ రేడియో సింఫనీలాంటి ఆర్కెస్ట్రాలు తమ కచేరీలు పూర్తిగా యూట్యూబ్‌లో పెడుతుంటాయి, వాయించే మనుషులు కనపడుతుంటే మొదటిసారి వినేవాళ్లకి ఏ శబ్దం ఎక్కడిదో తెలుస్తుంది. క్వార్టెట్‌కి బొరొదిన్ క్వార్టెట్ రికార్డింగ్ ఏది దొరికినా తీసుకోండి.

మొదట్లో ముట్టుకోకూడనివి: రెండు, మూడు సింఫనీలు (1927, 1929), కుర్రతనంలో పార్టీ నినాదాల బృందగానంతో ముగిసేవి, వినకపోయినా నష్టం లేదు. నాలుగు చాలా గొప్పది, కానీ చెయ్యి పట్టుకుని నడిపించదు, పది నచ్చాకే అక్కడికి వెళ్లండి. పదమూడో సింఫనీలో కీవ్ దగ్గర బాబీ యార్‌లో చంపేసిన యూదుల గురించిన యెవ్తుషెంకో కవిత ఉంది, దానికి కవితల అనువాదం ముందు పెట్టుకుని కూర్చోవాలి. పద్నాలుగు మొత్తం చావు మీద 11 పాటలు, పదిహేనో క్వార్టెట్ ఆరు భాగాలూ నెమ్మదిగా నడిచేవే. ఇంట్లో ఎవరైనా ఈ మధ్యే పోయి ఉంటే ఈ రెండూ ఇప్పుడొద్దు. మా నాన్న పోయిన నెలలో నేను పదిహేనో క్వార్టెట్ పెట్టుకుని మొదటి భాగం కూడా పూర్తిచెయ్యలేకపోయాను, ఆ రోజుల్లో నాకు పనికొచ్చింది రెండో పియానో కాన్సర్టో మధ్య భాగం, ఆ ఏడు నిమిషాలు, తెల్లవారుజామున, అమ్మ లేవకముందు.